కనుకయ్య బల్ల కదిలిన నెల

మా ఆఫీసు భివండీలోనే పద్మనగర్ నుంచి అంజూర్ ఫాటాకు మారింది శుక్రవారం నాడు. శుక్రవారం సాంచెలకు, అంటే మరమగ్గాలకు, సెలవు, సందులో మనుషులు తక్కువుంటారు, సామాను మోయడం సులువని మా సేటు అనుకున్నాడు. పొద్దున ఎనిమిదికల్లా టెంపో వచ్చి సందు మొదట్లో ఆగింది. అంతకంటే లోపలికి అది రాలేదు. మా సందులో రెండు సైకిళ్లు ఎదురుపడితే ఒకటి వెనక్కి పోవాల్సిందే. ఇన్నేళ్లుగా మా బట్ట తాకాలన్నీ ఆ సందులోంచే భుజాల మీద బయటికి పోయాయి. తాకా అంటే వంద మీటర్ల బట్ట. దాన్ని మోసే మనిషి ఎదురొస్తే మనం గోడకు బల్లిలా అతుక్కోవాలి.

నా పేరు జమున. ఇరవై రెండేళ్లుగా ఈ ఆఫీసులో బట్ట మడతపెట్టి ముద్ర వేస్తున్నాను. మున్సిపాలిటీ తెలుగు బడిలో ఏడో తరగతి దాకా చదివాను, మరాఠీ చదవడం కూడా అక్కడే వచ్చింది. నాకు ముక్కు మీదే కోపం ఉంటుందని అందరూ అంటారు. ఉత్త మాట. పని అడ్డదిడ్డంగా జరిగితేనే నాకు కోపం వస్తుంది. మా దగ్గర రోజూ అడ్డదిడ్డంగానే జరుగుతుంది, నేనేం చేయను?

ఆ రోజూ అంతే. అన్నీ టెంపో ఎక్కాయి గానీ కనుకయ్య బల్ల ఎక్కలేదు. కనుకయ్య మా దగ్గర బట్ట చూసే మనిషి. ఏటవాలుగా ఉండే బల్ల మీద తాకాను పరిచి, ట్యూబులైటు వెలుగులో లాక్కుంటూ పోతాడు. ఎక్కడ పోగు తప్పినా, నూనె మరక పడినా అతని వేలు అక్కడ టక్కున ఆగుతుంది. భివండీ మొత్తంలో అలాంటి కన్ను లేదని మా సేటే అంటాడు. ఆ కనుకయ్య ఇప్పుడు బల్ల ముందు స్టూలు మీద కూర్చుని లేవనంటున్నాడు. హమాలీలు ఇద్దరూ బల్లకు చెరోవైపు నిలబడి నన్ను చూస్తున్నారు.

"లేవన్నా, టెంపో ఆయన తిడ్తున్నడు," అన్నాను.

"నాకు జాగలేని ఆఫీసుకు నా బల్ల ఎందుకే?" అన్నాడు.

దీనికంతటికీ కారణం గోడ మీది కాగితం. మా సేటు విఠల్ కూతురు శ్రద్ధ థాణేలో చదువుకుని వచ్చి రెండేళ్లుగా ఆఫీసు చూసుకుంటోంది. కొత్త ఆఫీసులో ఎవరు ఎక్కడ కూర్చోవాలో మరాఠీలో రాసి వారం ముందే గోడకు అంటించింది. నా పేరు కిటికీ పక్కన ఉంది. కనుకయ్య పేరు అన్నిటికంటే కింద ఉంది, దాని పక్కన 'ఒక నెల చూడాలి' అని రాసి ఉంది. కనుకయ్యకు మరాఠీ చదవడం రాదు, నన్ను చదవమన్నాడు. చదివాను. చాలాసేపు గడ్డం గోక్కున్నాడు.

"ఇరవై ఎనిమిదేండ్ల సంది జూస్తనే ఉన్నరు గద. ఇంక నెల ఏం జూస్తరు?" అన్నాడు.

చూడాల్సింది అతని పని కాదు. కొత్త ఆఫీసులో ప్రతి ఒక్కరి దగ్గరా ఒక ఫోను ఉంటుంది, బట్ట కొనే పార్టీలు అడిగినదానికి ఎవరి బల్ల దగ్గర వాళ్లే జవాబు చెప్పాలి. శ్రద్ధ పెట్టిన పద్ధతి ఇది. నెలలోగా అలవాటు చేసుకోనివాళ్లు ఇంటికి పోవాల్సిందే. అందులో ఆ పిల్లను తప్పుపట్టడానికి లేదు, మా ఆఫీసులో ఎవరూ ఫోను ఎత్తరని పార్టీలు తిట్టేది నిజమే. అయితే కనుకయ్య ఫోను ఎత్తలేడు. అతనికి చెవులు వినపడవు. ఈ సంగతి ఆఫీసులో నాకొక్కదానికే తెలుసని నేననుకునేదాన్ని.

వినపడని మనిషి ఆఫీసులో ఇన్నేళ్లు ఎలా నెట్టుకొచ్చాడని మీరు అడగవచ్చు. మా పాత ఆఫీసు చూసి ఉంటే అడగరు. అది ఆఫీసని మేం అనుకోవడమే. ఇరవై నాలుగు సాంచెలు ఆడే షెడ్డులో ఒక మూల చెక్కలు కొట్టి అరలా చేశారు. ఆ చెక్కల అవతల పొద్దుటినుంచి రాత్రిదాకా దారం మోసే నాడెలు అటూ ఇటూ కొట్టుకుంటూనే ఉంటాయి. బల్ల మీద పెట్టిన చాయ్ గ్లాసు తనంతట తానే అంచు దాకా నడిచిపోయేది. అక్కడ ఎవరికీ ఏమీ వినపడదు. వినాలని ఎవరూ అనుకోరు కూడా. మేం చేతులతో మాట్లాడుకునేవాళ్లం.

చాయ్ కావాలంటే బొటనవేలు నోటి దగ్గర పెట్టాలి. పోగు తెగిందంటే రెండు వేళ్లు కలిపి విడదీయాలి. బీము మీద దారం అయిపోయిందంటే అరచేతులు రెండూ దులపాలి. మనుషులకూ గుర్తులుండేవి. పైపెదవి మీద వేలు గీస్తే మీసాల విఠల్ సేటు. కంటి కింద వేలు పెట్టి కిందికి లాగితే కనుకయ్య. ముక్కు మీద వేలు పెట్టి పైకి ఎగబీలిస్తే ఎవరో నాకు చాలాకాలం తెలియలేదు. తెలిసిన రోజు ఆ గుర్తు పుట్టించిన కనుకయ్యతో మూడు రోజులు మాట్లాడలేదు. చేతులతో కూడా.

సేటు తన గదిలోంచి పిలవడానికి మొదట్లో కరెంటు గంట పెట్టించాడట. అది మోగుతుందో లేదో ఎవరికి తెలుసు? అందుకని దాన్ని పీకేసి కనుకయ్య బల్ల మీద ఎర్ర బల్బు వేలాడదీశారు. బల్బు వెలిగితే సేటు రమ్మంటున్నట్టు. సామాను సర్దుతుంటే శ్రద్ధ ఆ బల్బు పట్టుకుని ఇదేంటని అడిగింది.

"గంట," అన్నాను.

"బల్బు గంటనా? క్యా అత్తా, మజాక్ చేస్తున్నవా?" అని పడీ పడీ నవ్వి దాన్ని పాత సామాను గోనెలో వేసింది. నాకు ఒళ్లు మండింది గానీ, తలుచుకుంటే నాకే నవ్వొచ్చింది.

ఇంక కరెంటు పోయినప్పటి సంగతులు చెప్పాలంటే ఒక పూట చాలదు. చేతులతో చెప్పలేని పెద్ద సంగతైతే చెవిలో నోరు పెట్టి గొంతు చించుకుని అరవాలి. సరిగ్గా అప్పుడే కరెంటు పోయిందా, అంతే సంగతి. ఇరవై నాలుగు సాంచెలూ ఒక్కసారి ఆగిపోతాయి, మన అరుపు మాత్రం ఆగదు. అంకుశం అని ఒక సాంచెల మనిషి ఉండేవాడు, నోట్లో నాలుక లేనివాడు. ఒకరోజు ఏడుపు మొహంతో వచ్చి కనుకయ్య చెవి పట్టుకుని, "మా అత్త మళ్లొచ్చిందన్నా! ఈసారి నెల దాకా కదలదట! నేను సచ్చిపోత!" అని అరిచాడు. 'మా అత్త' అన్నప్పుడు కరెంటు ఉంది. మిగతాదంతా సందు చివరి దాకా వినపడింది. అత్త లక్ష్మవ్వ అల్లుడికి అన్నం డబ్బా పట్టుకుని గుమ్మంలోనే నిలబడి ఉంది.

లక్ష్మవ్వ డబ్బాను మెల్లగా బల్ల మీద పెట్టింది. "నెల కాదు అల్లుడా, రెండు నెలలుంట. ఎట్ల సస్తవో జూసే పోత," అంది. అన్నట్టే రెండు నెలలుంది. అంకుశం చావలేదు సరికదా, ఆమె చేతి వంట తిని బాగా ఒళ్లు చేశాడు.

ముంబై కల్బాదేవి నుంచి వచ్చే దలాల్ ఒకాయన ఉండేవాడు. పార్టీల తరఫున బట్ట చూసి ఒప్పుకునే మనిషి. ఆయన కుర్చీలో కూర్చుని ఉండగానే సేటూ కనుకయ్యా ఆయన ముక్కు ముందే చేతులతో మాట్లాడుకునేవాళ్లు. ఈ తాకాలో మరకలున్నాయి, అడుగున పెట్టు. దీంట్లో పోగులు తప్పాయి, మడత లోపలికి తిప్పు. పాపం ఆయన దోమలు తోలుకుంటున్నారని అనుకుని ఫ్యాను తనవైపు నుంచి వీళ్లవైపు తిప్పేవాడు. ఇలా కొన్నేళ్లు గడిచింది. ఒకరోజు సేటు ఎప్పటిలాగే 'అడుగున పెట్టు' అని చెయ్యి తిప్పాడు. దలాల్ చాయ్ గ్లాసు కింద పెట్టి, కంటి కింద వేలితో లాగి కనుకయ్యను చూపించాడు. తర్వాత 'అడుగున పెట్టినదాన్ని పైకి తియ్' అని చక్కగా, ఒక్క తప్పు లేకుండా చేతులు తిప్పాడు. మా చాయ్ బండి స్వామి దగ్గర కూర్చుని ఏడాదిగా నేర్చుకుంటున్నాడట. సేటు మీసం మీద చెమట పట్టింది. కనుకయ్య మాత్రం లేచి నిలబడి ఆయనకు దండం పెట్టాడు. ఆ తర్వాత మంచి తాకా మంచిదిగానే పోయింది, చెడ్డది చెడ్డదిగానే పోయింది.

ఇవన్నీ హమాలీలకు చెప్పి నవ్వించి, వాళ్లతో పాటు కనుకయ్యనూ నవ్వించి, ఆ నవ్వులోనే స్టూలు మీది నుంచి లేపాను. బల్ల టెంపో ఎక్కింది.

అతనికి వినపడదని నాకు తెలిసింది లాక్‌డౌన్ తర్వాత. షెడ్డు మళ్లీ తెరిచేసరికి అందరి మొహాలకూ మాస్కులున్నాయి. మొదటివారమంతా కనుకయ్య పిచ్చి పట్టినట్టు తిరిగాడు. ఎవరు మాట్లాడినా దగ్గరికి పోయి వాళ్ల మాస్కు కిందికి లాగేవాడు. నాదీ లాగాడు, నేను ఊరుకుంటానా, చెయ్యి మీద ఒక్కటిచ్చాను. ఒకరోజు మాస్కులు పెట్టుకున్నారా లేదా అని చూడ్డానికి సర్కారు మనిషి ఒకాయన వచ్చి కనుకయ్యను ఏదో అడిగాడు. కనుకయ్య రెండు వేళ్లతో ఆయన మాస్కే కిందికి లాగి, "ఇప్పుడు బోలో సాబ్," అన్నాడు. ఆయన నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. సేటు కాళ్లావేళ్లా పడి, చాయ్ తాగించి పంపించాడు.

ఆ మధ్యాహ్నం కరెంటు లేదు. షెడ్డు నిశ్శబ్దంగా ఉంది. కనుకయ్య అటు తిరిగి బట్ట చూస్తున్నాడు. నేను వెనక నుంచి "కనుకన్నా" అని పిలిచాను. మళ్లీ పిలిచాను. మూడోసారి గట్టిగా పిలిచాను. తల తిప్పలేదు. సంగతి నాకు తెలిసిపోయింది. అప్పటిదాకా అతను మా మాటలు వినలేదు, మా పెదవులు చూశాడు. ముందుకు పోయి నిలబడితే నా మొహం చూసి అతనికి అర్థమైపోయింది.

"ఎవ్వలకు చెప్పకు సెల్లె," అన్నాడు.

"ఎప్పటి సంది?"

"ఏమో. ఒక్కపాలే పోలె. సాంచెల చప్పుడు పోయినట్టు అనిపిస్తుండె, చూస్తె చప్పుడు పోలె, నా చెవులే పోయినయి."

"చెవి మిషన్ పెట్టుకోరాదె?"

"మిషన్ పెట్టుకుంటె చెవిటోడంటరు. చెవిటోనికి పనెవడిస్తడు?"

చెప్పనని ఒట్టేశాను. నా కుడిచెవి కూడా అంతంతే. ఈ పనిలో ఉన్నవాళ్లెవరికి సరిగ్గా ఉంటుంది కనుక?

కొత్త ఆఫీసు గోదాముల మధ్య రెండో అంతస్తులో ఉంది. నున్నటి నేల, అద్దాల కేబిన్, ఏసీ. సాంచెలు పద్మనగర్‌లోనే ఉండిపోయాయి, బట్ట మాత్రం ఇక్కడికి వస్తుంది. లోపలికి అడుగు పెడితే చెవుల్లో దూది కుక్కినట్టు ఉంది. మొదటిరోజు మధ్యాహ్నం సేటూ, కనుకయ్యా, నేనూ అన్నం తింటుంటే పక్క గోదాము మేనేజరు కొట్లాటనుకుని పరుగెత్తుకొచ్చి, "ఝగడా మత్ కరో భాయ్, ఝగడా మత్ కరో," అని మధ్యలో నిలబడ్డాడు. మేం మాట్లాడుకుంటున్నది పచ్చడిలో కారం ఎక్కువైందా లేదా అని. శ్రద్ధ సిగ్గుతో తల పట్టుకుంది. "అత్తా, ప్లీజ్, హళూ బోల. జర మెల్లగ మాట్లాడుండ్రి," అంది. మెల్లగా మాట్లాడటం అంటే ఏంటో మా ముగ్గురికీ నిజంగా తెలియదు.

తర్వాత ఫోన్లు వచ్చాయి. కనుకయ్య తన ఫోనును మొదటిరోజు తాకాల కింద పెట్టాడు. రెండోరోజు ఛార్జింగు లేదన్నాడు. మూడోరోజు అది వణికినప్పుడల్లా తెచ్చి నా ఒళ్లో పడేసి బాత్‌రూమ్‌కు పోయాడు. నా ఫోనూ అతని ఫోనూ రెండూ ఎడమచెవికే పెట్టుకుని, ఆ పార్టీకి ఈ పార్టీ జవాబు చెప్పి, ఒకాయనకు తెల్లబట్ట బదులు ఖాకీ పంపించాను. వచ్చే కోపమంతా కనుకయ్య మీద చూపించాను.

"నీ చాకిరి నేనెన్ని దినాలు చెయ్యాలె? ఆ పిల్లకు చెప్పు. మంచి పిల్లనే గద," అన్నాను.

"చెప్తె పంపిస్తది."

"చెప్పకున్నా పంపిస్తది!"

అన్నం డబ్బా మూత పెట్టాడు. సగం కూడా తినలేదు. "ఇంటికాడ ఊకె గూసుంటె నేనేం జెయ్యాలె సెల్లె? మా ఇంటామె ఆగమ్మ టీవీ జూస్తది, నేను టీవీ జూసుకుంట నవ్వెటోళ్ల మొఖాలు జూడాల్నా? ఈ బల్ల కాడ గూసుంటె నేను మంచిగున్న మనిషిని. బల్ల దిగితె చెవిటోన్ని. నా కండ్లకేమైంది, జెప్పు?" అన్నాడు.

కళ్లకేమీ కాలేదు. ఆ వారమే వంద మీటర్లలో ఒక్క పోగు తప్పిందని పట్టుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఏడిస్తే చూస్తాడని లేచి చెయ్యి కడుక్కోవడానికి పోయాను.

నెల తిరిగే రోజు రానే వచ్చింది. ఆ మధ్యాహ్నం పార్టీకి పంపాల్సిన బట్ట ముక్కలు చూపించడానికి నేను కేబిన్‌లోకి పోయాను. శ్రద్ధ లాప్‌టాప్ ముందేసుకుని కూర్చుంది. సేటు ఆమె వెనక సోఫాలో ఉన్నాడు. ఆమె తెర మీద నుంచి చూపు తిప్పకుండా మాట్లాడుతోంది. నేను గుమ్మంలోనే ఆగిపోయాను.

"బాపూ, కనుకయ్య కాక ఈ నెలల ఒక్క ఫోన్ గూడ ఎత్తలే. అన్నీ జమునత్తనే ఎత్తుతుంది, ఇక్కడ సగ్ళ దిసతంయ్, అంతా కనిపిస్తుంది. పాపం అనిపిస్తుంది కానీ నేనేం చెయ్యాలె? సోమవారం సంది ఆయనను రావద్దని చెప్తా. ఠీక్ ఆహే నా?"

"సరె సరె. నీ ఇష్టం బిడ్డా," అన్నాడు సేటు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. విఠల్ సేటు పుట్టుకతో సేటు కాదు. కనుకయ్యా, ఇతనూ ఒకే ఏడు ఊరి నుంచి వచ్చి, శాంతి నగర్‌లో ఒకే షెడ్డులో పక్కపక్కన సాంచెలు నడిపారు. విఠల్ మొదట నాలుగు సాంచెలు కొన్నప్పుడు పేరున్న చోట పని మానేసి వచ్చినవాడు కనుకయ్య. అలాంటి మనిషిని తీసేస్తామంటే సరె సరె అంటాడా! చేతిలోని బట్ట ముక్కలు బల్ల మీద విసిరికొట్టాను. శ్రద్ధ ఉలిక్కిపడి చూసింది. సేటు కూడా చూశాడు, కానీ నన్ను చూసి నవ్వాడు. చాయ్ వచ్చిందనుకున్న మనిషిలా నవ్వాడు.

ఆ నవ్వు చూసి నాకు అనుమానం వచ్చింది. నోరు తెరవలేదు. కంటి కింద వేలు పెట్టి లాగాను. తర్వాత రెండు అరచేతులూ దులిపి, తలుపు వైపు చూపించాను.

సేటు మొహంలో నవ్వు పోయింది. లేచి నిలబడ్డాడు.

"కనుకయ్యనా? కనుకయ్యను ఎవలు తీసేస్తున్రు?" అని అరిచాడు.

శ్రద్ధకు ఏమీ అర్థం కాలేదు. "బాపూ, ఆత్తాచ్, ఇప్పుడే చెప్పిన గద! నువ్వే సరె అన్నవ్!"

"నువ్వు అటు మొఖం వెట్టి మాట్లాడితివి. నాకేం తెలుస్తది?"

"అంటే?"

సేటు మళ్లీ కూర్చున్నాడు. మీసం నిమురుకున్నాడు. ఇరవై నాలుగు సాంచెల యజమాని తప్పు చేసి దొరికిన పిల్లాడిలా నేల చూశాడు. "అంటె గంతే బిడ్డా. మొఖం కనవడితెనే తెలుస్తది. కనుకయ్యకెంత ఇనవడ్తదో నాకూ గంతే. ఇద్దరం ఒక్క షెడ్డుల పోగొట్టుకున్నం," అన్నాడు.

"కాకకు ఇనవడదా? నీకూ? మమ్మీకి తెలుసా?"

"మీ మమ్మీకి తెల్సు. ఇంట్ల అందుకే నా ముందటికొచ్చి మాట్లాడుతది. బయట తెలిస్తె దలాల్లు ఊకుంటరా? సేటుకు ఇనవడదని ఒకని మొఖం ఒకడు జూసుకుని నవ్వుతరు."

శ్రద్ధ లాప్‌టాప్ మూసింది. ఏదో లెక్క సరిచూసుకుంటున్నట్టు కాసేపు తండ్రినే చూసింది. తర్వాత కుర్చీ తిప్పి సరిగ్గా అతని ఎదురుగా కూర్చుంది. "బాపూ, నేను బారావి, పన్నెండో క్లాస్ పాస్ అయినంక పుణె కాలేజ్ల చదువుతా అంటే నువ్వు సరె అన్నవ్. తర్వాత ఫారం తెస్తే పుణె ఏంది, ఎవలు పోతరు అన్నవ్. మాట తప్పినవని నేను రెండు నెలలు నీతోని మాట్లాడలే. యాదుందా?"

సేటు ఆమె పెదవుల వైపే చూస్తున్నాడు. ఈసారి ఒక్క ముక్క కూడా పోలేదు.

"బండి మీద ఎనుక గూసుండి చెప్పినవ్ బిడ్డా. కళ్యాణ్ నాకా కాడ. నువ్వేదో చెప్తున్నవని తెల్సు, సంబురంగ చెప్తున్నవని గూడ తెల్సు. నీ చేతులు నా భుజాల మీద ఎగురుతుండె. సరె అన్న."

నాకు అక్కడ నిలబడటం ఇబ్బందిగా అనిపించింది. శ్రద్ధ కళ్లు తుడుచుకుంది. తండ్రిని తిట్టలేదు, ఊరడించలేదు. "ఇప్పటి దాక నిన్ను మాట మీద నిలబడని మనిషివనుకున్న," అని మాత్రం అంది. లేచి కేబిన్ తలుపు తీసుకుని బయటికి పోయింది. నేనూ వెనకే పోయాను. సేటు సోఫాలోంచి లేవలేదు.

కనుకయ్య తాకా మీద వంగి ఉన్నాడు. శ్రద్ధ అతని వెనక ఆగి "కాకా" అనబోయి మానుకుంది. బల్ల చుట్టూ తిరిగి అవతలి వైపు, ట్యూబులైటు మొహాన పడేచోట నిలబడింది. కనుకయ్య తల ఎత్తి ఆమెను చూశాడు, ఆమె ఎర్రటి కళ్లు చూశాడు, తర్వాత నన్ను చూశాడు. చెప్పేశావా అన్నట్టు చూశాడు. లేదని తల ఊపాను. నమ్మలేదు. చేతిలోని సుద్దముక్క బల్ల మీద పెట్టి, స్టూలు మీది తువ్వాలు తీసి భుజాన వేసుకున్నాడు.

శ్రద్ధ నిండా ఊపిరి తీసుకుని ఒక్కో మాటా విడదీసి పెద్దగా అరిచింది. "కాకా! నీ ఫోన్ నాకియ్యి! ఇగమీదట నువ్వు ఫోన్ ఎత్తొద్దు! బట్ట చూడు! చాలు!"

ఆఫీసులో అందరూ పని ఆపి చూశారు. పక్క గోదాము మేనేజరు మళ్లీ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. కనుకయ్య తాకాల కింద చెయ్యి పెట్టి ఫోను తీసి ఆమెకు ఇచ్చాడు. తువ్వాలు తీసి మళ్లీ స్టూలు మీద వేసి, దాని మీద కూర్చున్నాడు.

"గంతగనం ఒర్రకు బిడ్డా," అన్నాడు. "మొఖం సూపెడితె సాలు."